తరుగు ఎవరి లెక్క?

ప్రతి గృహమునందును వంటయింటి తలుపు వెనుక నొక మేకు ఉండును. ఆ మేకునకొక సంచి వ్రేలాడుచుండును. ఆ సంచినిండ మఱికొన్ని సంచులుండును. కూరగాయలతో వచ్చినవి, మందులతో వచ్చినవి, పెండ్లిలో తాంబూలముతో వచ్చినవి, చుట్టములు పండ్లు తెచ్చి యిచ్చి విడిచిపోయినవి, అన్నియు మడతలు పడి, ఒకదానిలో నొకటి దూరి, అక్కడ చేరియుండును. ఇంగ్లీషుమాటను మనది చేసికొని వానిని మనము "కవరులు" అనుచున్నాము. పారవేయుటకు మనసొప్పదు, వాడుటకు అవసరము కలుగదు. మన పెద్దలు పాతగుడ్డను, కొబ్బరిచిప్పను, చిల్లుపడిన బిందెను పారవేయక దాచెడివారు. ఆ బుద్ధియే మనకును వచ్చినది. అయితే వారు దాచినది కొంతకాలమునకు పనికివచ్చి తరిగిపోయెడిది. మనము దాచునది పెరుగుచునే యున్నది. ఈ తలుపువెనుకటి సంచినిగూర్చి నేడు నాలుగు మాటలు వ్రాయదలచితిమి. విషయము మిక్కిలి చిన్నదని చదువరులు నవ్వుకొనవచ్చును. గృహధర్మమునందు చిన్నది పెద్దది యను భేదము లేదని మా నమ్మకము.

మా వీధిలో నొక గృహిణి కలదు. ఆమె మాకు చెల్లెలి వరుస. చదువుకొన్నది, పొదుపెరిగినది, ఇంటిలోని చెత్తను తడిచెత్త, పొడిచెత్త యని విడదీయుటలో వీధికంతటికి దారి చూపినది. ఆమె యొకనాడు సెల్‌ఫోనులో నొక దృశ్యము చూచెను. ఎక్కడనో యొక పడుచువాడు పాతసంచులను కరగించి, అచ్చులలో నదిమి, అందమైన పలకలను, గిన్నెలను, పూలకుండీలను చేయుచున్నాడు. ఆమె మనసునకది పట్టినది. నాలుగు నెలలు సంచులు కూడబెట్టి, కడిగి, ఆరవేసి, ముక్కలుగా కత్తిరించి, పెరటిలో చిన్నపొయ్యిపై పాత యినుపమూకుడు పెట్టెను. ముక్కలు ముడుచుకొని, మెత్తబడి, జిగురుముద్ద యయ్యెను. దానిని కొయ్యచట్రములో పెట్టి, పైన సన్నికల్లు బరువుంచి చల్లార్చెను. మఱునాటికి నీలము, తెలుపు, ఎరుపు చారలు కలిసి చలువరాతివంటి పలక తయారయ్యెను. మేమును చూచి ఆశ్చర్యపడితిమి. తూచగా అరకిలోకు రవంత పైమాట. అందులో పట్టిన సంచులు 130. ఆమె యా లెక్కను క్యాలెండరు అంచున వ్రాసియుంచినది. ఆ పలక వారి నీళ్లబిందె క్రింద పీటగా నమరినది.

మూడవ పలకనాటికి చిక్కు వచ్చెను. వానలు పట్టుటచేత పొయ్యి పెరటినుండి వంటయింటిలోనికి వచ్చినది. ఆ యింటి చిన్నపిల్లవానికి ఉబ్బసపు తత్త్వము కలదు. ఆ రాత్రి వాడు దగ్గి దగ్గి, తల్లి భుజముపై తలయానించి, కూర్చుండియే తెల్లవార్చెను. ఆ పొగవలననే దగ్గు వచ్చినదని నిశ్చయించుటకు మేము వైద్యులము గాము. వానకాలపు చలియు కారణము కావచ్చును. కాని తెల్లవారగానే భర్త యా మూకుడు పట్టుకొనిపోయి వీధిచివర పారవైచెను. ఆమె కన్నీరు పెట్టుకొని, "లోకమంతయు పారవేయుచుండగా, నేనొక్కతెను పారవేయననుట తప్పా?" అని యడిగెను. ఆ సాయంకాలము దంపతు లిరువురును మా యింటికి వచ్చిరి. తీర్పు చెప్పుమని వారు నోట ననలేదు. కాని యిరువురును మా ముఖమువంకనే చూచుచుండిరి.

మే మప్పుడు "ఉద్దేశము మంచిది, జాగ్రత్త చాలలేదు" అని యిరువురకును నచ్చునట్లొక మాట చెప్పి కాఫీ యిచ్చి పంపితిమి. వారు పోయిన తరువాత ఆ మాట మాకే చప్పగా తోచినది. ఆమె యడిగిన ప్రశ్న జాగ్రత్తనుగూర్చినది గాదు, ధర్మమునుగూర్చినది. మిగిలిపోయిన వస్తువును పనికి తెచ్చినంతమాత్రమున, దానిని మిగిల్చిన దోషము తీరునా? మంచితలంపుతో చేసిన పనినుండి పుట్టిన కీడు ఎవరి లెక్కలో వ్రాయవలెను? ఈ రెండును నిజమైన ప్రశ్నలు. వీనికి నెమ్మదిగా ఉత్తరము వెదకుట మా విధి యని తోచినది.

మొదట ఆమె పక్షమున చెప్పవలసినది చెప్పుదము. నూటికి తొంబదిమంది చెత్తను కంటికి కనబడకుండ జేయుటయే శుభ్రత యనుకొందురు. మన గుమ్మము దాటినచో అది మనది గాదు. మురుగుకాలువది, మునిసిపాలిటీది, ఆవుది. ఈమె మాత్రము "ఇది నేను తెచ్చినది, కావున నాది" అని యొప్పుకొనెను. అట్లొప్పుకొనుట ధర్మమునకు మొదటి మెట్టు. రెండవది, ఆమె నోటితో గాక చేతితో పనిచేసెను. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఆమె లెక్కించెను. మనలో నెవరు తమ సంచులను లెక్కించినారు? ఈ మూడు గుణములను మఱచి ఆమెను నిందించువారికి ఈ వ్యాసమునందు చోటు లేదు.

ఇక వస్తువును చూతము. ఈ సంచి దేనితో చేయబడినదో యెరుగక దాని ధర్మాధర్మములు విచారించుట, రోగమెరుగక మందిచ్చుటవంటిది. పాలిథిన్ అను పదార్థము 1933లో ఇంగ్లండునందలి చెషైరు ప్రాంతములో నొక రసాయన కర్మాగారమున, వేఱొక ప్రయోగము చేయుచుండగా, అనుకొనకుండ పుట్టినది. పాత్ర యడుగున తెల్లని మైనమువంటి పదార్థము కనబడగా రసాయనికులు విస్తుపోయిరి. నేడు మన మెరిగిన చేతిపట్టీల సంచి 1960ల నాటిది. స్వీడను దేశపు స్టెన్ గుస్తాఫ్ తూలిన్ అను నాతడు దాని రూపకర్త. ఆయన తాను మాత్రము ఒక సంచిని మడిచి జేబులో నుంచుకొని మరల మరల వాడెడివాడని ఆయన కుమారుడు తరువాతికాలమున చెప్పెను. చేసినవాడు పలుమార్లు వాడదగినదిగా నెంచిన వస్తువును, కొన్నవారు ఒక్కమారు వాడి విడుచుట ఆచారము చేసికొన్నారు. దోషము వస్తువునం దెంత, ఆచారమునం దెంత యని విచారించువారికి ఈ యొక్క ముచ్చట చాలును.

ఈ పదార్థము చిన్న చిన్న కొక్కెములు కూడిన పొడవైన గొలుసువంటిది. మితమైన వేడికి గొలుసులు తెగవు, ఒకదానిపై నొకటి జారును; అదియే కరగుట. మెత్తగా సాగు సంచి సుమారు 110 డిగ్రీలకు, గలగలలాడు పలుచని సంచి సుమారు 130 డిగ్రీలకు కరగును. గారెలు వేగు నూనె యింతకంటె వేడిగా నుండును. "ఇంతేనా, వంటయింటిలోని వేడియే గదా" యని తోచును. చిక్కంతయు ఇక్కడనే యున్నది. మంటపై పెట్టిన మూకుడు 130 డిగ్రీలవద్ద నిలిచి మన సెలవునకై వేచియుండదు. అడుగున వేడి రెట్టింపై పోవును. అప్పుడు గాలి తగిలి గొలుసులు తెగి, మాడిన నూనెనుండి పుట్టునట్టి ఘాటైన ఆవిరులు లేచును. అవి కంటిని, గొంతును, ఊపిరితిత్తులను మండించును. మఱికొంత వేడెక్కినచో ముద్ద అంటుకొని మండును. కరగిన ముద్ద చేతిపై పడినచో నూనెవలె జారిపోదు. చర్మమునకు అతుకుకొని కాల్చుచునే యుండును.

ఇదియు గాక, సంచులన్నియు నొకజాతివి గావు. చూచుటకు ఒకటే తళతళ గలవానిలో పి.వి.సి. అను వేఱొక జాతి కలిసినచో, వేడికి హైడ్రోజన్ క్లోరైడు అను ఆమ్లవాయువు వెలువడును. చిరుతిండ్ల పొట్లములలో ప్లాస్టిక్ పొరల నడుమ అల్యూమినియపు పూత యుండును. అది కరగి కలియదు. సంచులపై ముద్రించిన రంగులలో నేమేమి కలిసియున్నదో అంగడివాడును ఎరుగడు. మా చెల్లెలు ఇవన్నియు నొకే మూకుడులో వేసినది. తెలియక వేసినది. తెలియమియే ఆమె తప్పు. కాని పొగ ఆ తెలియమిని మన్నించునది గాదు.

ఇప్పుడు మన యిండ్లలో నందరును ఎరిగిన యొక సంగతిని తలచుకొందము. పాత గొలుసును కరగించి కొత్తనగ చేయుమని కంసాలికిచ్చునప్పుడు, ఇంటి యిల్లాలు మొట్టమొదట నడుగునది "తరుగెంత?" అని. కరగించుటలో కొంత పోవును. ఆకురాతిలో కొంత రాలును. ఆ పోయిన దెంత, అది యెవరి లెక్క, అని ముందుగనే తేల్చుకొని గాని బంగారమును కుంపటి యొద్దకు పోనీయదు. ఈ ప్రశ్నలో గొప్ప నీతి యున్నది. లోకములో తరుగులేని పునర్నిర్మాణము లేదు. ఒక వస్తువును వేఱొక వస్తువుగా మార్చు ప్రతిచోటను ఏదో యొకటి పోవును. ఎవరో యొకరు దానిని భరింతురు. బంగారు తరుగు నడుగుటలో నింత నేర్పు గల మనము, సంచుల తరుగును మాత్రము అడుగుట మఱచితిమి. ఎందుచేతననగా, బంగారము తరిగినచో మనకు నష్టము; సంచి తరిగినచో వేఱొకరికి.

ఆ వేఱొకరెవరో చూతము. మొదటి తరుగు పొగ. అది వంటయింటిలో నెక్కువసేపుండు స్త్రీకిని, నేలపై ఆడుకొను బిడ్డకును, గోడప్రక్క యింటి ముసలివారికిని పంచబడును. పలక మాత్రము మన నీళ్లబిందె క్రింద నుండును. లాభము మనది, తరుగు వారిది. వారినెవరును అడుగలేదు. మన యుద్దేశము మన హృదయములో నున్నది. పొగకు హృదయము లేదు. పొరుగువాని గొంతులోనికి పోవునప్పుడు "నేను సదుద్దేశముతో పుట్టితిని" అని యది చెప్పికొనలేదు. కావున ఉద్దేశము చేసినవానిని నిందనుండి కొంత కాపాడునేమో గాని, భరించినవానిని బాధనుండి కాపాడదు.

రెండవ తరుగు సూక్ష్మమైనది; మనస్సునకు సంబంధించినది. మఱునాటి మాటలలో ఆ భర్త యొక సంగతి చెప్పెను. పూర్వము ఆయన సంతకు పోవునప్పుడు గుడ్డసంచి పట్టుకొనిపోవుచుండెను. పలకలు చేయుట మొదలైన తరువాత ఇంటిలో నెవరును గుడ్డసంచిని ముట్టలేదు. "కవరులు పనికివచ్చునుగదా, తెండు" అని ఆమెయే చెప్పుచుండెను. అనగా చెత్తను తగ్గించుటకు పుట్టిన పని, చెత్తను కోరుట కారంభించినది. ఇది ఆమెయొక్క దోషము మాత్రమే గాదు, మనుష్యస్వభావము. ప్రాయశ్చిత్తము సులభమైనచోట పాపభీతి తగ్గును. దానమిచ్చి వడ్డీ హెచ్చించు షావుకారు మన కథలలో క్రొత్తవాడు గాడు. తీర్చుకొను మార్గమున్నదను ధైర్యముతో అప్పు చేయువాడు, తీర్చు మార్గము లేనివానికంటె నెక్కువ అప్పు చేయును.

మూడవ తరుగు కాలమునకు సంబంధించినది. పాతచీరలతో కుట్టిన బొంత చిరిగిన పిమ్మట మసిగుడ్డ యగును. తుదకు మట్టిలో మట్టి యగును. బంగారమును వందమార్లు కరగించినను బంగారమే. రంగులు, జాతులు కలగలిసిన ఈ పలక అట్టిది గాదు. కొన్నేండ్లు ఎండకు నిలిచినచో పెళుసెక్కి, అంచులు పొడియై రాలును. దానిని తిరిగి మంచి సంచిగా చేయు నేర్పు ఎవరికిని లేదు. చెత్తకుప్పకు పోవు ప్రయాణములో అది యొక మజిలీ మాత్రమే. మజిలీ కూడ మంచిదే. కాని మజిలీని గమ్యమని భ్రమపడరాదు.

ఆ గమ్యమెట్టిదో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని పుట్టపర్తియందు కరుణా సొసైటీ యను జంతుసంరక్షణసంస్థ కలదు. వీధులలో తిరుగు ఆవుల పొట్టలను శస్త్రము చేసి తెరచి, వానినుండి పదుల కిలోల ప్లాస్టిక్ ముద్దలను అక్కడి వైద్యులు వెలికితీసిరి. 2012లో ఆ సంస్థ మఱికొందరితో గూడి ఈ విషయమున సుప్రీముకోర్టునకు వెళ్లినది. మిగిలిన కూర, చద్దియన్నము మనము కవరులో మూటగట్టి వీథిలో పడవేయుదుము. ఆవు మూట విప్పలేదు, మూటతోనే మ్రింగును. గోవును పూజించు దేశమున గోవు కడుపులోనే మన పొదుపులేనితనము పోగుపడినది. మా చెల్లెలు తన సంచులను అట్టి గతికి పోనీయలేదు. ఆ పుణ్యము ఆమెదే.

ఇచ్చట నొక ప్రతివాదము వినవలెను. "కర్మాగారములు కొండలవలె సంచులను కుమ్మరించుచుండగా, ఒక యింటి యిల్లాలి మూకుడునుగూర్చి యింత విచారమేల?" అని యొకరు అడుగవచ్చును. ఇది త్రోసివేయదగిన ప్రశ్న గాదు. 2015 వరకు లోకమున తయారైన ప్లాస్టిక్ సుమారు 830 కోట్ల టన్నులనియు, అప్పటికి చెత్తయైన 630 కోట్ల టన్నులలో తిరిగి వాడుకకు వచ్చినది నూటికి 9 వంతులు మాత్రమే యనియు 2017లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. ఈ యేనుగుముందు మన 130 సంచులు చీమతలకాయంతైనను గావు. చేసి యమ్మినవారే తిరిగి పోగుచేయు భారమును వహింపవలెనని మన దేశపు 2016 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. ఆ భారమును వారి నెత్తిననుండి దింపి గృహిణి నెత్తిన పెట్టుట న్యాయము గాదు. మఱియు "చెత్తలేని సంసారము" అను ఆదర్శమును పురుషులు సభలలో నుపన్యసింతురు. కడుగుట, ఆరవేయుట, కత్తిరించుట, కరగించుట, పొగ పీల్చుట స్త్రీల వంతు వచ్చును. ఇదియు నొక తరుగే. దీనిని లెక్కవేయని సంస్కారము సంస్కారము గాదు.

అయినను పెద్దదోషమున్నదని చిన్నదోషము గుణము గాదు. కర్మాగారపు పొగ పరిమాణము పెద్దదని చెప్పినచో పిల్లవాని దగ్గు ఆగదు. ప్రభుత్వమును ప్రశ్నించుట మన హక్కు. మన పొయ్యిని పరీక్షించుట మన విధి. ఒకటి రెండవదానికి బదులు గాదు. 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రానులకంటెను, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకంటెను పలుచనైన సంచులు కూడదని నిబంధన వచ్చినది. పలుచని సంచికి వెల తక్కువ. వెల తక్కువైనదానిని ఎవరును దాచుకొనరు. చిత్తుకాగితము లేరుకొను పేదస్త్రీ సైతము దానిని వంగి తీయదు. ఎన్ని వందలు ఏరినచో ఒక కిలో తూగును? దళసరి పాలపొట్లమునకు పాతసామానుల అంగడిలో వెల యున్నది. పలుచని కవరునకు లేదు. నిబంధన పుస్తకములో నున్నను, అంగడిలో మనము "ఒక కవరు వేయవయ్యా" అని యడుగుచున్నంతకాలము పలుచని సంచి బ్రతికియే యుండును. అడుగువారము మనమే.

అట్లయిన కరగించుట యెల్లప్పుడును తప్పేనా? కాదు. మధురలోని త్యాగరాజర్ ఇంజనీరింగు కళాశాలలో రసాయనశాస్త్రాచార్యులైన రాజగోపాలన్ వాసుదేవన్ గారు ప్లాస్టిక్ ముక్కలను సుమారు 170 డిగ్రీల వేడిగల కంకరరాళ్లపై చల్లి, రాళ్లకు పూతగా పట్టించి, తారుతో కలిపి రోడ్లు వేయు పద్ధతిని కనిపెట్టిరి. 2018లో వారికి పద్మశ్రీ బిరుదము లభించెను. హాలెండులో డేవ్ హాకెన్స్ అను యువకుడు 2013లో ప్లాస్టిక్‌ను తురుము, కరగించు, అచ్చుపోయు చిన్నయంత్రముల నమూనాలను తయారుచేసి, కోరినవారందరకును ఉచితముగా నిచ్చెను. కెన్యాలో న్జాంబీ మాటీ యను స్త్రీ ప్లాస్టిక్‌ను ఇసుకతో కలిపి బాటలకు పరచు ఇటుకలను చేయుచున్నది. వీరందరును చేయునది కరగించుటయే. మా చెల్లెలు చేసినదానికిని దీనికిని భేదమెక్కడ? వస్తువునందు లేదు, ఉద్దేశమునందు లేదు. వేడిని కొలుచుటయందు, జాతులను వేరుచేయుటయందు, పని జరుగు చోటునందు ఉన్నది. కంసాలివద్ద ఇల్లాలు అడుగు ప్రశ్నను అడిగిన పిమ్మట చేయుపని యొకటి, అడుగక చేయుపని యొకటి. అంతే భేదము.

కావున మాకు తోచిన సిద్ధాంతము నిట్లు చెప్పుదుము. పనికిరానిదానిని పనికి తెచ్చుట మంచిదే. కాని అందలి తరుగును చేయువాడు తానే భరింపగలిగినప్పుడు, లేదా భరించువారు తెలిసి యొప్పుకొన్నప్పుడు మాత్రమే అది ధర్మము. తరుగును నోరులేనివారిపైకి నెట్టి, నగను తాను ధరించుట ధర్మము గాదు. మఱియు నెంత చక్కగా చేసినను అది తెచ్చినదానికి పరిహారము గాదు. తేకుండుటకు సాటి యేదియు లేదు.

ఇంతమాత్రముచేత గుడ్డసంచిని భుజమున వేసికొన్నవాడు పుణ్యాత్ముడు గాడు. ప్రత్తిపంటకు నీరు, ఎరువు, మందులు కావలెను. నేతకు, అద్దకమునకు శక్తి కావలెను. డెన్మార్కు దేశపు పర్యావరణశాఖవారు 2018లో ప్రకటించిన లెక్కప్రకారము, భూతాపమను నొక్క విషయములోనే ప్రత్తిసంచి పలుచని సంచికి సాటిరావలెనన్న ఏబదిమార్లకు పైగా వాడవలెను. ఇతరవిషయములను గూడ చేర్చినచో వేలమార్లు. సభ సభకును ఒక గుడ్డసంచి బహుమతిగా తెచ్చుకొని బీరువాలో పేర్చువారికి ఇది చురక. అందుకు మన పెద్దలే మార్గము చూపిరి: పాతపంచెతోనో, చిరిగిన పరదాతోనో కుట్టిన సంచి. దానికి క్రొత్తగా ప్రత్తి పండనక్కరలేదు. చిరిగినకొలది కుట్టి పదేండ్లు వాడవచ్చును.

ఈ యాలోచనలన్నియు పోగుచేసికొని, వారము దినముల తరువాత మేము వారింటికి వెళ్లి చెప్పితిమి. భర్త తల యూచెను. ఆమె శ్రద్ధతో వినెను. తరుగు మాట వచ్చినప్పుడు పిల్లవాని వంక చూచెను. తుదకు మెల్లగా, "అన్నగారూ, మీరు చెప్పినదంతయు నిజము. పొయ్యి మరల ముట్టించను. కాని యొకటి యడిగెదను, కోపగించుకొనకుడు. నా 130 సంచులు నేను లెక్కించుకొంటిని. మీ యింటివి యెన్ని?" అని యడిగెను.

మాకు నోట మాట రాలేదు. తరుగునుగూర్చి ధర్మోపదేశము చేయవచ్చిన మేము, మా తలుపువెనుకటి సంచిని ఒక్కమారైనను తెరచి చూచియుండలేదు. ఇంటికి వచ్చి దానిని నేలపై కుమ్మరించితిమి. లెక్కించుటకు చాలసేపు పట్టినది. 214. అందులో మూడు మందులదుకాణపు సంచులు. ప్రతిదానిలోను ఒక్కొక్క మాత్రలపట్టీ మాత్రమే వచ్చినట్లు చీటీలు చెప్పుచున్నవి. జేబులో పట్టు వస్తువునకు సంచి నడిగి తెచ్చినవారము మేమే. ఆమె పొయ్యి వెలిగించి తప్పు చేసినది. మేము పొయ్యి వెలిగింపకయే అంతకంటె నెక్కువ చెత్తను తెచ్చితిమి. ఆమె తప్పు పొగయై కనబడినది. మాది మేకునకు తగిలించియుండుటచేత కనబడలేదు. కనబడనంతమాత్రమున లేకపోలేదు.

ఇప్పుడు రెండిండ్లవారమును కలిసి కొన్ని నియమములు చేసికొన్నాము. చదువరులకు పనికివచ్చునేమో యని వ్రాయుచున్నాము. ఇంటి పొయ్యిపై ప్లాస్టిక్‌ను కరగించుట లేదు. కాల్చుట అసలే లేదు. ఉన్న సంచులలో చినుగనివానిని చినుగువరకు వాడుచున్నాము. దళసరివి, పాలపొట్లములు కడిగి ఆరవేసి పాతసామానులవానికి ఇచ్చుచున్నాము. చినిగినవానిని మా చెల్లెలు పొడవైన పట్టీలుగా కత్తిరించి, త్రాడుగా పేని, వైరుబుట్టలల్లినట్లు బుట్టలల్లుచున్నది. నిప్పు లేదు, పొగ లేదు. తరుగన్నచో చేతులనొప్పి యొక్కటి, అదియు ఆమె యనుమతితోనే. ఆ నొప్పిలో పాలు పంచుకొనుమని భర్తకును ఒక కత్తెర ఇచ్చినది. చద్దియన్నమును కవరులో మూటగట్టుట మానితిమి. అన్నిటికంటె ముందుగా, నెలకొకమారు లెక్కించి క్యాలెండరు అంచున వ్రాయుచున్నాము. మొదటినెల మా యింటికి క్రొత్తగా వచ్చినవి 41, రెండవనెల 26. ఇంకను సున్న కాలేదు. అంగడిలో మొగమాటము, సంచి మఱచిపోవుట, చుట్టములు తెచ్చుట మొదలగు సాకులు మాకును ఉన్నవి. సాకు నిజమైనను అంకె మారదు.

ఆ మొదటి పలక ఇప్పటికిని వారి నీళ్లబిందె క్రిందనే యున్నది. దానిని పారవేయవలదని మేమే చెప్పితిమి. వచ్చినవారెవరైనను "ఇది యేమి రాయి? బాగున్నదే!" అని యడిగినచో, ఆమె "రాయి కాదు, నాలుగు నెలల మా బజారు" అని యుత్తరమిచ్చును. చదువరులారా, మిమ్ము పెద్దవ్రతములు పట్టుడని మేము కోరుట లేదు. ఈ పత్రికను ప్రక్కన పెట్టి, లేచి, వంటయింటి తలుపువెనుకనున్న సంచిని ఒక్కమారు క్రిందికి దింపి లెక్కించి చూడుడు.